ఇద్దరే వాడిన భాష

ఆమె మందుబిళ్ళలు ప్యాక్ చేసే కంపెనీలో ప్రోగ్రామరు. కాలేజీ రోజుల్లో ఆమె తమ్ముడికి ఒక పిచ్చి పట్టింది, సొంతంగా ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచెయ్యాలని.

"ఉన్నవి చాలవట్రా?" అంది.

"ఉన్నవాటికి తిట్టడం రాదక్కా" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. తప్పు రాస్తే ఆ భాష "అక్కా, కళ్ళజోడు పెట్టుకో" అని తెరమీద చూపేది. నవ్వుతూనే ఆమె కూడా ఓ చెయ్యి వేసింది. రాసినదాన్ని మాటలుగా విడగొట్టడం, ఏ మాట దేనికి చెందుతుందో తేల్చడం, దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చడం. ఇద్దరి ఆదివారాలూ అందులోనే కరిగిపోయేవి. ప్రపంచం మొత్తంమీద దాన్ని వాడేవాళ్ళు వాళ్ళిద్దరే.

"కూటికా గుడ్డకా ఈ గోల?" అని తల్లి విసుక్కునేది.

పోయినేడు వానాకాలంలో తమ్ముడు జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. ఇంటికి తిరిగి రాలేదు. ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది, సెలవు అయిపోగానే పనికి వెళ్ళింది. ఆదివారాలు మాత్రం ఏం చెయ్యాలో తోచక, ఆ భాషలో మిగిలిపోయిన తప్పులు ఒక్కొక్కటే దిద్దుతూ కూర్చునేది. ఇష్టమై కాదు, చేతులు ఊరుకోక.

ఈలోగా కంపెనీలో ప్యాకింగ్ యంత్రాలు మార్చారు. పాత యంత్రాలకిచ్చే ఆదేశాలన్నీ వాటికి మాత్రమే తెలిసిన భాషలో ఉన్నాయి. వాటిని అమ్మిన సంస్థ ఏనాడో మూతపడింది. వేలకొద్దీ ఫైళ్ళు. కొత్త యంత్రానికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"అందరం కూర్చుని చేత్తో తిరగరాయడమే. ఏడాది ఇట్టే పోతుంది" అన్నాడు మేనేజరు తల పట్టుకుని.

ఆమె ఒక ఫైలు తెరిచి చూసింది. భయం వెయ్యలేదు, ఉత్సాహమూ రాలేదు. మాటలు విడగొట్టాలి, ఏది దేనికి చెందుతుందో తేల్చాలి. తెలిసిన పనే.

"నేను చూస్తానండీ" అంది.

కొద్ది వారాల్లో, పాత ఆదేశాలను కొత్త యంత్రానికి తెలిసేలా మార్చే ప్రోగ్రాము తయారైంది. మొదటిసారి నడిపితే సగం బిళ్ళలు అట్టలో కూర్చోకుండా నేలపాలయ్యాయి. ఒకచోట ప్రోగ్రాము కొలతను తప్పుగా చదువుతోంది. సరిచేసింది. మర్నాడు యంత్రం ఆగకుండా నడిచింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని మేనేజరు అడిగాడు.

"ఇంట్లోనండీ. సరదాకి."

నెల తిరక్కుండా ఆమెను ఆ విభాగానికి పెద్దను చేశారు. చప్పట్లు కొట్టారు, కేకు కోయించారు. అందరికీ పంచి తనూ ఒక ముక్క తింది. తియ్యగా ఉందని తెలిసింది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

సాయంత్రం బస్టాపులో నిలబడి తల్లికి ఫోన్ చేసింది.

"పెద్ద ఉద్యోగమేనా?"

"ఆఁ, పెద్దదేనమ్మా."

"ఆదివారాలు మీరిద్దరూ కూర్చుని చేసేవాళ్ళు చూడూ, దాని వల్లేనా?"

"దాని వల్లే."

"తమ్ముడికి చెప్..." తల్లి మాట సగంలో ఆగిపోయింది. అవతల కుక్కరు కూత వినిపించింది. "స్టవ్ కట్టెయ్యాలి, ఉంటానమ్మా" అని పెట్టేసింది.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, ఖాళీ సీటు చూసుకుని కూర్చుంది.