షామీర్‌పేటకి ఇద్దరమే

మా ఇంట్లో రహస్యం అనేది చచ్చిపోయి చాలా కాలమైంది. దానికి కర్మకాండ చేసింది కూడా నేనే.

మా అమ్మాయికి మాటలొచ్చిన కొత్తలో నాకూ మా ఆవిడకూ ఇంగ్లీషు రహస్య భాష. పిల్ల నెత్తి మీదుగా దొరా దొరసానీ లెవెల్లో, "ఐస్‌క్రీమ్ ఆఫ్టర్ షీ స్లీప్స్" అనుకునేవాళ్ళం. పిల్ల నర్సరీలో చేరిన మూడో వారానికి ఆ కోట కూలిపోయింది. "నేను నిద్రపోను. నాకు వెనిలా," అంది, పక్క మీద బాసింపట్టు వేసుక్కూర్చుని.

సరేనని హిందీలోకి వలసపోయాం. మా ఆవిడది తెనాలి వైపు, నాది భీమవరం వైపు. మా ఇద్దరి హిందీ కలిపి మాట్లాడితే కూరగాయల బండివాడు బేరం మానేసి జాలిపడతాడు. అయినా రహస్యానికి అది చాలనుకున్నాం. కానీ మేముండేది బహదూర్‌పల్లిలో. మా కాలనీ పార్కులో జారుడుబల్ల దగ్గర సాయంత్రం ఆరింటికి నించుంటే దేశంలో ఉన్న భాషలన్నీ మీ కాళ్ళ మీద నుంచే జారతాయి. ఐదేళ్ళ మావాడు అక్కడ హిందీతో పాటు, మా వంశంలో ఎవరికీ రాని తెలంగాణ తెలుగు కూడా పట్టుకొచ్చాడు. ఓ రోజు మా చర్చ మధ్యలో చెయ్యెత్తి, "మీ హిందీతోని మస్తు పరేషాన్ అయితాంది డాడీ. తెలుగులనే మాట్లాడుకోండ్రి, మేం ఇననట్టే ఉంటం," అన్నాడు.

ఇలా భాషలన్నీ పోగొట్టుకుని మూగవాళ్ళమై కూర్చున్న సమయంలో మా పెళ్ళిరోజు ఆదివారం నాడు వచ్చింది.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని భోజనం చేసి ఎనిమిదేళ్ళయింది. ఏ హోటలుకెళ్ళినా ఒకరు పెరుగన్నం అడుగుతారు, ఇంకొకరు టేబుల్ కింద దొరుకుతారు. బిర్యానీ తెప్పిస్తే అందులో ముక్కలు కడిగి పెట్టాలి. అందుకని ఈసారి ఒకటే కోరిక: షామీర్‌పేట చెరువు వైపు ఓ హోటల్లో, కారంగా ఓ బిర్యానీ, రెండు గంటలు, మేమిద్దరమే. ఊరి నుంచి మా అత్తగారు వచ్చి నెలయింది కాబట్టి పిల్లల్ని చూసుకోవడానికి మనిషి ఉంది. పిల్లలకి తెలియకూడదు, అంతే. వాళ్ళకి వాసన తగిలిందా, నేను తాళాలు వెతుక్కునే లోపలే ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని కార్లో కూర్చుంటారు.

అప్పుడు మా ఆవిడ తన చివరి అస్త్రం తీసింది. కభాష. తెలుగుదేశంలో పుట్టిన ప్రతి ఆడపిల్లా బళ్ళో వెనక బెంచీలో నేర్చుకునేదే. ప్రతి అక్షరానికీ ముందు ఓ "క" తగిలించాలి. షామీర్‌పేట అనాలంటే "కషాకమీర్‌కపేకట" అనాలి. మా ఆవిడ ఆ భాష కుట్టుమిషన్‌లా మాట్లాడుతుంది. నాకు మాత్రం కాగితం, పెన్సిలూ కావాలి. "పదకొండింటికి" అని చెప్పడానికి నాకు అక్షరాలా పదకొండు నిమిషాలు పట్టింది.

అత్తగారు చిక్కుడుకాయలు వొలుస్తుంటే, పిల్లలు కింద కూర్చుని బొమ్మలకి రంగులేస్తుంటే, మేం పట్టపగలు హాల్లోనే కుట్ర పన్నాం.

"అమ్మా, డాడీకి నోట్లో పుండా?" అన్నాడు మావాడు.

"పాపం, మాట్లాడనీరా," అంది మా అమ్మాయి, తల ఎత్తకుండా.

ఆదివారం పొద్దున, మేడ్చల్లో కారు సర్వీసింగు చేయించుకొస్తామని బయల్దేరాం. సర్వీసింగుకి పట్టుచీర కట్టుకుని వెళుతున్న ఆడమనిషిని చూసి కూడా పిల్లలు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పైగా గేటు కూడా తీశారు. నాకు అనుమానం రావలసింది అక్కడే. గర్వం వచ్చింది.

గండిమైసమ్మ చౌరస్తా దాకా రాజుగారి ఊరేగింపులా వెళ్ళాక, చదువుకునే కళ్ళజోడు మర్చిపోయానని గుర్తొచ్చింది. అది లేకపోతే మెనూ కార్డు నాకు తెల్ల కాగితమే. కారు వెనక్కి తిప్పి, వీధి చివర ఆపి, మా ఆవిడని అందులోనే ఉంచి, మా ఇంట్లోకి నేనే దొంగలా పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్ళాను. కిటికీ దగ్గరికి రాగానే లోపల నుంచి మా అత్తగారి గొంతు.

"కపోకయాకరా?"

"కపోకయాకరు!" మా అమ్మాయి. కుట్టుమిషనే.

"ఇగ సబ్బు తే అక్కా, జల్దీ!" అన్నాడు మావాడు.

తొంగి చూశాను. సోఫాలన్నీ గోడకి చేరాయి. హాలు మధ్యలో బకెట్లు. నేల మీద హుస్సేన్‌సాగర్ అంత సబ్బునీళ్ళు, అందులో నా పిల్లలిద్దరూ ఒట్టి చడ్డీలతో, పొట్ట మీద జారడానికి సిద్ధంగా ఉన్నారు. అత్తగారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కుర్చీలో కాళ్ళు పెట్టుక్కూర్చుని, చీపురుతో అంపైరింగ్ చేస్తున్నారు.

"ఆగండర్రా, కాసేపు చూడండి. మీ నాన్న ఏదో ఒకటి మర్చిపోయి వెనక్కొచ్చే రకం."

"రారు అమ్మమ్మా. ఇద్దరే వెళ్ళాలని డాడీ ఎన్ని రోజుల నుంచి ప్రాక్టీసు చేశారో! నవ్వాగక నేను రెండు సార్లు బాత్రూములోకి పారిపోయాను."

కళ్ళజోడు సంగతి వదిలేసి వెనక్కొచ్చి చెప్పాను.

"సబ్బునీళ్ళా! నా హాల్లోనా!" మా ఆవిడ కారు తలుపు తీసి ఓ కాలు కింద పెట్టేసింది.

"అత్తయ్యగారికి కభాష వచ్చా?"

"వచ్చా ఏంటండీ, నాకు నేర్పిందే మా అమ్మ!"

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరడిగారా?"

ఆ కాలు కిందే ఉంది. లోపలికి వెళితే హాలు దక్కుతుంది, రెండు గంటలు పోతాయి. పిల్లల్ని తిట్టి, తుడిచి, బట్టలు మార్చి, చివరికి బుజ్జగించి వెంట తీసుకెళ్ళాలి. మళ్ళీ పెరుగన్నం, మళ్ళీ టేబుల్ కింద. మా ఆవిడ ఇంటి వైపు చూసింది. తన పట్టుచీర వైపు చూసుకుంది. కాలు లోపలికి తీసుకుంది.

"హారన్ కొట్టకుండా పోనివ్వండి," అంది.

మెనూ తనే చదివి వినిపించింది. బిర్యానీ వచ్చింది. ఆ కారానికి నా చెవుల్లోంచి పొగలొచ్చి చెరువు మీద మబ్బు పట్టింది. ముక్క కడగమనేవాళ్ళు లేరు. మధ్యలో జవహర్‌నగర్ వైపు నుంచి గాలి ఓసారి డంపింగ్ యార్డు కబురు మోసుకొచ్చినా, ఇద్దరం పట్టించుకోలేదు. పెళ్ళయిన కొత్తలో చెప్పుకున్న మాటలే మళ్ళీ చెప్పుకుని, కొత్తవే అనుకున్నాం.

రెండు గంటలు కాగానే మా ఆవిడ స్పీకర్ పెట్టి ఇంటికి ఫోన్ చేసింది.

"ఇంకో గంట పట్టేలా ఉందమ్మా. బ్రేకులు బాలేవంటున్నారు."

"నిదానంగా రండమ్మా, ఏం పరవాలేదు," అన్నారు అత్తగారు, రొప్పుతూ. ఆవిడెందుకు రొప్పుతున్నారో అడిగే ధైర్యం మాకు లేదు.

ఆ వెనక నుంచి మా అమ్మాయి అరిచింది: "డాడీ, ఇంజన్ కూడా చూపించుకుని రండి!"

మా ఆవిడ ఫోన్ పెట్టేసి, వెయిటర్‌ని పిలిచి, రెండు ఖుబానీ కా మీఠా తెమ్మంది.