కొల్లేటి మీద నాలుగు వందల అడుగులు

మా అమ్మాయి కీర్తన విమానం నడపడం నేర్చుకుంటోంది. తాడేపల్లిగూడెంలో ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. పోయిన నెల ఓ రోజు పదకొండింటికి ఒంటరిగా చిన్న విమానంలో కొల్లేరు మీదుగా వెళ్తున్నప్పుడు, కంట్రోలర్ రెండు వేల అయిదు వందల అడుగుల ఎత్తులోనే ఉండమన్నారట. ఎదురుగా పక్షుల గుంపు కనబడింది. అనుమతి అడిగే వ్యవధి లేక నాలుగు వందల అడుగులు పైకి లేచి, వెంటనే రేడియోలో తనే ఆ సంగతి చెప్పింది. దిగాక శిక్షకుడు, "అంత ఎత్తులో పక్షులా? ఎత్తు చూపే మీటరు గమనించలేదేమో" అన్నారు. వివరణ రాసిచ్చేదాకా తనను ఒంటరిగా ఎగరనివ్వనన్నారు.

"ఆ పక్షుల దగ్గరికే వెళ్లొద్దాం పదమ్మా" అంది ఇంటికి రాగానే.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి బస్సెక్కి ఆకివీడులో దిగాం. చేపల లారీల పక్కన ఇడ్లీ తిని, పూటకి ఎనిమిది వందలకు ఆటో మాట్లాడుకుని, ఏడున్నరకల్లా సరస్సు గట్టుకు చేరాం. దోనె నడిపే కోటేశ్వరరావు గారు మమ్మల్ని నీళ్లలోకి తీసుకెళ్లారు. ముక్కు కింద సంచులతో గూడబాతులు చెట్ల మీద కదలకుండా కూర్చున్నాయి. కీర్తన మొహం వాడిపోయింది.

"ఇవి పైకి ఎగరవాండీ?"

"ఇప్పుడే ఎందుకెగురుతాయమ్మా? ఎండెక్కనివ్వండి. గాలి వేడెక్కాక గుండ్రంగా తిరుగుతా మబ్బుల దాకా పోతాయండి."

పది దాటాక ఒక్కొక్కటే లేచాయి. రెక్కయినా ఆడించకుండా సుడి తిరుగుతూ, చూస్తూండగానే చుక్కలైపోయాయి. కీర్తన గబుక్కున లేచింది. దోనె ఊగింది.

"కూర్చోండమ్మా, పడిపోతారు!"

ఫొటోలు తీస్తూనే అడిగింది: "బెదిరితే ఎటు పోతాయండీ?"

"గద్దొచ్చిందంటే రెక్కలు ముడుచుకుని కిందికేనండి. పైకి పోవడం నేనైతే చూళ్లేదు."

"పక్షులు బెదిరితే కిందికే దిగుతాయని మాకు చెప్పారు, అందుకే పైకి లేచానమ్మా" అంది నాతో.

సోమవారం ఆ ఫొటోలు, వాటి సమయాలతో సహా వివరణ ఇచ్చింది. శిక్షకుడు రెండుసార్లు చదివి, "నేనైనా అదే చేసేవాణ్ణి" అన్నారట. మర్నాడే ఒంటరిగా ఎగరనిచ్చారు. కొల్లేరు మీదుగా వెళ్లే శిక్షణ విమానాలన్నీ ఇప్పుడు ఎండెక్కకముందే దాటేస్తున్నాయి.

ఇరవై ఏళ్లుగా బడిలో పిల్లలు చెప్పే సాకులు వింటున్నదాన్ని. నా కూతురు ఎవరూ అడగకముందే జరిగింది చెప్పింది. నమ్మకపోతే అలిగి కూర్చోలేదు, నిజం చూపించడానికి బయల్దేరింది. ఆ దోనెలో దాని పక్కన కూర్చున్నది నేనే అని ఎంతమందికి చెప్పుకున్నానో!

మీరూ వెళ్తే ఒక్క మాట: చెట్ల మీద పక్షుల్ని చూసి ఎనిమిదింటికే తిరిగొచ్చేయకండి. టోపీ, మంచినీళ్లు పట్టుకెళ్లి, పదిన్నర దాకా ఆగి తలెత్తి చూడండి.