గులాబీ వాళ్ళు, నీలం వాళ్ళు

మా చిన్నప్పుడు... పై బజారు వాళ్ళది గులాబీ రంగు సైటు, కింద బజారు వాళ్ళం మాది నీలం రంగు సైటు. ఇవేవో పార్టీ జెండాలనుకునేరు... కాదు. స్నేహితుల్ని కలుపుతామంటూ అప్పుడప్పుడే వచ్చిన వెబ్‌సైట్లు. వాటి పేర్లు నోరు తిరగక మేం రంగులతోనే పిలిచేవాళ్ళం.

మాది శావల్యాపురం దగ్గర పల్లెటూరు. ఊళ్ళో వర్గాలు రెండు కాబట్టి అన్నీ రెండే... టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి తీసుకెళ్ళే ప్రభలు రెండు. మేడంత ఎత్తున గడలు కట్టి, రంగుగుడ్డలూ కరెంటు దీపాలూ పెట్టి మా ప్రభ బయలుదేరితే చూడాలి... ఎదుటివాళ్ళ ప్రభ కంటే ఒక్క మూరైనా ఎక్కువ ఉండాల్సిందే!

రెండు వర్గాల మధ్య మాటల్లేవు. ఎప్పుడో జరిగిన కొట్లాట తర్వాత పెద్దవాళ్ళే అలా పెట్టుకున్నారు. మా టీ కొట్లో కూర్చుని వాళ్ళని ఎంత ఎగతాళి చేసినా అది అక్కడే ఆగిపోయేది. వాళ్ళ కొట్లో మమ్మల్ని ఏమనేవాళ్ళో మాకు తెలిసేది కాదు. వినపడలేదు గనక ఎవరి తలా పగల్లేదు. మా ఊరి ప్రశాంతత అంటే అదే.

ముందు పై బజారు కుర్రాళ్ళు గులాబీ సైటులో చేరారు. తమ ప్రభ పేరుతో ఒక గ్రూపు పెట్టి, ఫొటోలు ఎక్కించి ఊరంతా చెప్పుకున్నారు. ఇక మావాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళు తొక్కిన గడప మనం తొక్కేదేమిటని, మా పెదనాన్న కొడుకు వాసన్న వెతికి వెతికి నీలం సైటు పట్టుకొచ్చాడు. వాసన్న అప్పుడు నరసరావుపేటలో గది తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నాడు. ఒకసారి నన్ను నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి, తెర మీద మా ప్రభని చూపించాడు.

"చూడవే బుజ్జీ... లోకమంతా చూస్తదంట మన ప్రభని!"

లోకం సంగతేమో గానీ, నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది.

కొన్నాళ్ళకి గులాబీ సైటు పాడుబడింది. అందరూ మూటాముల్లె సర్దుకుని నీలంలోకి వచ్చేశారు... పై బజారు వాళ్ళు కూడా. గెలిచింది మనమేనని మావాళ్ళు వాసన్న వాళ్ళింట్లో కూర్చుని పకోడీలు తెప్పించుకుని తిన్నారు. పెద్దమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచే అడిగింది.

"ఒరేయ్ వాసూ, అయితే మీరు రాసుకునేయి వాళ్ళకి కూడా కనపడతయ్యా?"

"కనపడనీయమ్మా... మనకేంది భయం?"

పెద్దమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. నా ధ్యాసంతా పకోడీల మీదే.

ఆ ఏడు శివరాత్రికి పై బజారు ప్రభ రోడ్డు మలుపులో ఒరిగిపోయింది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మావాడొకడు ఫోన్‌తో ఫొటో తీసి, "ప్రభ కట్టడం చేతకాకపోతే గాజులు తొడుక్కోండి" అని రాసి నీలంలో పెట్టాడు. టీ కొట్లో అయితే ఒక పూట నవ్వుకుని మర్చిపోయే మాట. అక్కడ మాత్రం మా కుర్రాళ్ళంతా వరసపెట్టి లైకులు కొట్టారు. నరసరావుపేట గదిలో ఉన్న వాసన్న కూడా కొట్టాడు. అప్పటికే ఉద్యోగానికి ఎంపికయ్యాడు... పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే పై బజారు వాళ్ళు కర్రలతో వచ్చారు. అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. బయట కేకలు, కర్రల చప్పుడు. వాళ్ళ వైపు ఒకతనికి తల పగిలింది.

మా ప్రాంతంలో ఒక పాడు ఆనవాయితీ ఉంది. కొట్లాట జరిగితే కొట్టినవాళ్ళ పేర్లతో పాటు, ఎదిగొస్తున్న కుర్రాళ్ళ పేర్లు కూడా కేసులో రాయిస్తారు. ఎవరి పేరు ఇరికించాలా అని ఇదివరకు కూర్చుని ఆలోచించేవాళ్ళు. ఈసారి ఆ శ్రమ లేదు... ఫొటో కింద పేర్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ రోజు ఊళ్ళోనే లేని వాసన్న పేరూ కేసులోకి ఎక్కింది.

పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని, అన్నేళ్ళలో మొదటిసారి పై బజారు టీ కొట్టుకి నడిచాడు. పక్కన ఆడపిల్ల ఉంటే చెయ్యి చేసుకోరని అమ్మ నన్ను వెంట పంపింది. ఆ వర్గం పెద్ద రాఘవయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. పెదనాన్నకి వరసకి బావ.

"బావా, మావోడు ఆ రోజు పేటలో ఉన్నాడు. నీకూ తెలుసు. కేసు ఉంటే ఉద్యోగం రాదు. వాడి పేరు తీయించు బావా..."

రాఘవయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"కొట్టలేదు... నాకూ తెలుసు. కానీ నవ్వాడుగా? మా ప్రభ ఒరిగితే ఎవరెవరు నవ్వారో అందరూ చూశారు. ఇప్పుడు నేను తీయిస్తే మావోళ్ళే నా మొహాన ఉమ్ముతారు బావా."

పెదనాన్న తువ్వాలు సర్దుకుని వెనుదిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నాడు.

ఉద్యోగం పోయింది. ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగి, చివరికి రెండు వైపులా రాజీ పడ్డారు గానీ, అప్పటికి వాసన్నకి వయసు దాటిపోయింది. ఇప్పుడు పత్తి మిల్లులో పనిచేస్తున్నాడు. కేసు పెట్టించినవాళ్ళ మీద కంటే ఆ నీలం రంగు మీదే నాకు ఎక్కువ కోపం. ఎవరు నవ్వారో పేర్లతో సహా దాచిపెట్టేదాన్ని స్నేహం అని ఎలా పిలిచారో!

ఇప్పుడు ఆ నీలం సైటు ముసలివాళ్ళదట. పిల్లలకి ఇంకేవో కొత్తవి వచ్చాయి... అవీ ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. మొన్న ఊరెళ్తే, వాసన్న కూతురు ఫోన్ చూస్తూ పగలబడి నవ్వుతోంది. అన్నం తింటున్న వాసన్న చెయ్యి ఆగిపోయింది.

"ఏమే... ఇక్కడ నవ్వావు, సరే. అందులో కూడా నవ్వావా?"

పిల్ల మెల్లగా ఫోన్ బోర్లించి పెట్టింది.

ఎదుటివాళ్ళ మాట చెవిన పడని ఆ రోజులు ఎంత నిమ్మళంగా ఉండేవో... మీ ఊళ్ళో ఎలా ఉండేదో మీరూ ఈ పోస్టు కింద రాయండి. కాకపోతే రాసేముందు ఒక్కసారి ఆగండి... ఇక్కడ ఎవరెవరు కూర్చుని చదువుతున్నారో నాకూ తెలియదు.