రూతు పేరు పక్కన నా చేతిరాత

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నలభై ఏళ్ల నా డైరీల్లో ఇవాళ్టిదాకా అది ఎక్కడా లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆంగ్ మో కియోలో మా ఫ్లాట్ల బ్లాక్ కింద, తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో, కాఫీ చల్లార్చుకుంటూ మా అమ్మాయి రూతు అంది:

“నాన్నా, మెయ్ లిన్ నా ఫ్రెండ్ మాత్రమే కాదు. లైఫంతా తనతోనే.”

నేను కప్పు పక్కన పెట్టాను.

“నా తరఫున మాట్లాడక్కర్లేదు లా. నాకు ఎగైన్‌స్ట్‌గా మాత్రం నిలబడకు. క్యాన్?”

“క్యాన్,” అన్నాను, సరే అనడానికి ఇక్కడివాళ్లు ఇంగ్లీషులో అనేలాగే.

“అబ్బో, నాన్నకి సింగ్లిష్ వచ్చేసింది!” అని నవ్వింది.

కొన్ని నెలలకు, మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమనే పాత చట్టం తీసేస్తారని తెలిసింది. తర్వాత పెళ్లి చట్టమూ మారుతుందేమోనని మా ప్రార్థన కూటంలో భయం. పెళ్లంటే ఆడా మగా మధ్యేనని, దాన్ని మార్చవద్దని మా పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం తయారైంది. తప్పులు దిద్దింది నేనే. మా కూటంలో ఏ కాగితానికైనా ఇంటిపెద్దే అందరి పేర్లూ రాసి, అందరి సంతకాలూ పెట్టేస్తాడు. పిక్నిక్‌కైనా అంతే.

నా పేరు రాశాను. కింద గీత ఖాళీగా ఉంది.

“రూతు ఊళ్లో లేదా ఏంటి, బ్రదర్?” అన్నాడు పక్కాయన.

రాశాను. తన సంతకమూ పెట్టాను.

నమ్మకంతోనా? నా నమ్మకానికి నా సంతకం చాలు. రెండోది ఎందుకు? పక్కాయన ఇంకో ప్రశ్న అడుగుతాడని. అంతే. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను: “వాన. కూటం. వంకాయ కూర.”

పాత చట్టం పోయింది. పెళ్లి నిర్వచనాన్ని కోర్టులు కదిలించకుండా రాజ్యాంగాన్ని సవరించారు. మా ఉత్తరం వల్లేనా? కాకపోవచ్చు. కానీ తన పెళ్లి వద్దని తానే వేడుకున్నట్టు మా అమ్మాయి పేరు ఆ కాగితం మీద ఉంది. ఆ వారం ఫోన్ చేసి, “నువ్వైనా మాట నిలబెట్టుకున్నావ్, నాన్నా” అంది. ఆదివారం ఇద్దర్నీ భోజనానికి రమ్మన్నాను.

ప్రతి ఆదివారం ఇద్దరూ వస్తారు. “అంకుల్, ఈట్ ఫస్ట్” అంటూ మెయ్ లిన్ ముల్లు తీసిన చేపముక్క నా పళ్లెంలో వేస్తుంది. నిజం చెబితే ఇక రారేమో. చెప్పకపోతే, ఆ ముక్క మింగాలి.

ఇవాళ ఆ పాత పేజీ తీశాను. వంకాయ కూర కింద నేటి తేదీ వేసి రాశాను: రూతు సంతకం పెట్టింది నేను.

చెయ్యి కొంచెం తేలికైంది. అంతకు మించి అడగను. రేపు ఆదివారం. డైరీని బీరువాలో పెట్టలేదు. భోజనాల బల్ల మీదే ఉంది.