వేలు లాగని బేరం

మా లీగులో డబ్బులుండవు. ఈ మాట ముందే చెప్పకపోతే మా ఆవిడలాగే మీరూ నన్ను అనుమానంగా చూస్తారు. మొత్తం ఆరుగురం. ఎండాకాలం క్రికెట్ టోర్నీ మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఆగిరిపల్లి దగ్గర మా తోట షెడ్డులో కూర్చుని, ఆ టోర్నీలో ఆడేవాళ్ళని వేలంపాటలో కొనుక్కుంటాం. ఉత్తుత్తి కొనడమే. ఎవరి పదకొండుమంది వాళ్ళకి. మనం కొన్నవాడు టీవీలో పరుగులు కొడితే మనకి పాయింట్లు, వికెట్ తీస్తే ఇంకొన్ని, డకౌటయితే మన మొహాన దుమ్ము. దీన్ని ఫాంటసీ లీగ్ అంటారని మాకు చాలా తర్వాత తెలిసింది. దీనికి యాప్‌లున్నాయి కదండీ అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఉన్నాయి. యాప్‌తో బేరమాడలేం.

మా ఆటలో అసలు రుచి బేరమే. మా వైపు మామిడికాయల బేరం ఒకప్పుడు నోటితో జరిగేది కాదు. దళారీ భుజం మీది తుండు తీసి, కొనేవాడి చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకునేవాడు. ఎన్ని వేళ్ళు తెరిస్తే అంత ధర. చాలకపోతే దళారీ ఇంకో వేలు పట్టుకుని లాగేవాడు, పెంచమని. పిడికిలి బిగిస్తే నాకొద్దు, పొమ్మని. ఎవరెంత చెప్పారో పక్కవాడికి తెలియదు, దళారీకొక్కడికే తెలుసు. మామిడి మార్కెట్ యార్డులో ఇప్పుడు అదంతా పోయింది, ధరలు బయటికే అరుస్తున్నారు. మా షెడ్డులో మాత్రం ఆ తుండుని బతికించుకున్నాం. డబ్బులకి బదులు వేళ్ళే లెక్క, ఒక్కొక్కరికి సీజన్‌కి ఇన్నేనని.

పాట పెట్టేది మేమంతా బాబాయ్ అని పిలిచే ముసలి దళారీ. మాకెవరికీ చుట్టం కాడు. ఏ ఆటగాడి పేరూ ఆయనకి సరిగ్గా పలకదు, టోర్నీ చూడనే చూడడు. కానీ తుండు కింద ఆయన చెయ్యి చేరిందంటే మన మనసులో ధర ఆయనకి తెలిసిపోతుంది. మొదటిసారి చెప్పిన ధరకి ఒప్పుకోవడమన్నది ఆయన పుట్టాక జరగలేదు. నా మధ్యవేలు ఇప్పటికీ కొంచెం వంకరగా ఉందంటే ఆయన చలవే.

ఆయనకి సమానమైనవాడు ఒక్కడే, మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు. ముసునూరు వైపు తోటలు పూత మీదే మాట్లాడుకుని, కాపు కోసి అమ్మడం వాడి పని. చెట్టుకింద నిలబడి, తలెత్తి పూత చూసి, ఎంత నిలుస్తుందో చెప్పేవాడు. వాడి కాయలు బాబాయ్ దగ్గరికే వెళ్ళేవి. ముప్పై ఏళ్ళపాటు వాళ్ళిద్దరి చేతులూ ఆ తుండు కింద కుస్తీ పట్టాయి. పైన చూస్తే ఏమీ ఉండదు. బాపులపాడులో వాన పడిందంట కదా, అవునంట, మీ చిన్నోడు ఏం చదువుతున్నాడు, ఇలాంటి కబుర్లే. కింద మాత్రం తుండు కోడిపిల్లని మూసిన బుట్టలాగా ఎగిరెగిరి పడేది. బేరం తెగాక ఇద్దరూ వేళ్ళు రుద్దుకుంటూ ఒకరినొకరు పీనాసి అని తిట్టుకునేవారు. మా లీగ్ పెట్టినవాడు కూడా వాడే. "బావా, నీకు తోటా తెలీదు, ఆటా తెలీదు. అయినా నిన్ను చేర్చుకుంటున్నా, అందరికంటే కింద ఒకడుండాలి కదా," అన్నాడు. వాడి నోటికి అడ్డేమీ ఉండేది కాదు.

ఆ నోరే ముందు పోయింది. పోయినేడు పూత రాకముందు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దుటే పోయాయి. ఆసుపత్రి నుంచి తెచ్చాక మంచం మీద కూర్చోబెడితే కూర్చునేవాడు, చెప్పింది అర్థమయ్యేది, ఎడమ చెయ్యి ఆడేది. అంతే. లీగ్ సంగతి ఎత్తాలా వద్దా అని మేం తటపటాయిస్తుంటే, వాడే గోడకి తగిలించిన తుండు వైపు చెయ్యి చూపించాడు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకేం పోయినా బేరం మిగిలింది అనుకున్నాను.

పాటరోజున కారులో తీసుకొచ్చాం. "ఆయన్ని అలిసిపోనివ్వకండి అన్నయ్యా," అంది వాడి భార్య, చొక్కా గుండీలు సరిచేస్తూ. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఎడమ చెయ్యి తొడ మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ చెయ్యి బేరానికి కొత్త.

ఆ ఏడు అందరి కన్నూ ఒక ఓపెనర్ మీదే. కుర్రాడు, ఎడంచేతి వాటం, ముందు సీజన్‌లో బౌలర్లని ఏడిపించాడు. బాబాయ్ నా దగ్గరికొచ్చాడు. నేను మూడు వేళ్ళు తెరిస్తే నాలుగోది లాగాడు. మనసులో తిట్టుకుంటూ ఇచ్చాను. తర్వాత బావమరిది దగ్గరికి వెళ్ళి, తుండు కప్పాడు. తుండు కదల్లేదు. ఆయన తుండు తీసేసి, "ఇతనికే," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. వీడు అయిదు వేళ్ళూ తెరిచేశాడు కాబోలు, తెగించాడు అనుకున్నాను. ఆ తర్వాత మంచి ఫాస్ట్ బౌలరూ వాడికే, వికెట్ కీపరూ వాడికే. ప్రతిసారీ తుండు అలాగే పడుంది. వాడు మాత్రం ఆ తుండు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మొదటి వారం వాడిదే రాజ్యం. ఓపెనర్ మొదటి మ్యాచ్‌లోనే వంద కొట్టాడు. ఫాస్ట్ బౌలర్ వికెట్లు పీకేశాడు. నా సంగతి అడక్కండి. నా కెప్టెన్ వరసగా డకౌట్లు, నా స్పిన్నర్ బంతులు ప్రేక్షకులే ఎక్కువ పట్టుకున్నారు. అయినా రోజూ పొద్దున్నే టిఫిన్ చేసి వాడింటికి వెళ్ళి, ఎవరికెన్ని పాయింట్లో చదివి వినిపించేవాణ్ణి. "నువ్వే పైనున్నావురా," అంటే గోడవైపు తిరిగేవాడు. నాకు చిరాకేసేది. పైనున్నవాడు నవ్వి వెక్కిరించకపోతే, కిందున్న నాకు ఆటలో ఏం సుఖం?

ఒక పొద్దున ఆ చిరాకులోనే నోరు జారాను. "ఆ ఓపెనర్ నాకు రావాల్సినవాడురా. నాలుగు వేళ్ళిచ్చాను. నువ్వెన్నిచ్చావు?"

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. భుజం మీది తుండు ఎడంచేత్తో లాగి, నా చేతి మీద కప్పి, తన చెయ్యి లోపలికి పెట్టాడు. రెండు వేళ్ళు.

"రెండా?" అన్నాను. అలవాటుకొద్దీ వాడి మూడో వేలు పట్టుకుని లాగాను. వాడు కాదని తల ఊపాడు. మళ్ళీ రెండు వేళ్ళు పెట్టాడు, మళ్ళీ లాగాను, మళ్ళీ తల ఊపాడు. చివరికి నా వేళ్ళు విప్పి, నా అరచేతిని చాపి, కదలని తన కుడిచేతి మీద పెట్టుకున్నాడు. నా చేత్తోనే తన చేతిని మెల్లగా రెండుసార్లు తట్టించాడు, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి తట్టినట్టు.

అప్పుడు అర్థమైంది. బాబాయ్ వేలు లాగలేదు. రెండు వేళ్ళు చూపిస్తే పట్టుకుని, తట్టి, ఇచ్చేశాడు. నా నాలుగు వేళ్ళు పక్కన పెట్టి మరీ ఇచ్చాడు. నిజం చెబుతున్నాను, ముందు నాకు కోపమొచ్చింది నా ఓపెనర్ పోయినందుకే. తర్వాత వాడి మొహం చూశాను. ఒకపక్క మాత్రమే కదిలే ఆ నోరు వణుకుతోంది. కాలు పోయినప్పుడు వాడు ఏడవలేదు, మాట పోయినప్పుడు ఏడవలేదు. ముప్పై ఏళ్ళు తనతో పోట్లాడిన చెయ్యి ఇక పోట్లాడనందని ఏడ్చాడు. వాడి లెక్కలో తను చచ్చిపోయింది ఆ ఆదివారమే.

రెండో వారం మొదలవగానే ఓపెనర్ బొటనవేలికి దెబ్బ తగిలి ఇంటికెళ్ళిపోయాడు. ఫాస్ట్ బౌలర్ లయ తప్పితే పక్కన కూర్చోబెట్టారు. మా తోటలోనూ అదే కథ. పూత విరగబూసింది, పూతని మాడ్చే తామరపురుగు తగిలింది, మిగిలిన పిందె ఒక గాలికి సగం రాలింది. బావమరిది జట్టు పైనుంచి జారి జారి, నన్ను కూడా దాటి కిందికెళ్ళింది. చిత్రమేమిటంటే, జారుతున్నకొద్దీ వాడిలో కదలిక వచ్చింది. నేను వెళ్ళేసరికి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఎదురుచూసేవాడు. ఆ ఓటమి ఎవరూ జాలిపడి ఇచ్చింది కాదు కదా.

దెబ్బలు తగిలినవాళ్ళకి బదులు కొనుక్కోవడానికి ఆ రెండో వారం చివరి ఆదివారం మళ్ళీ పాట. ముందురోజే నేను యార్డుకి వెళ్ళి బాబాయ్‌ని పట్టుకున్నాను. కాయలు ఏరేవాళ్ళ ముందే గొంతు పెంచాను.

"మీరు వాడి వేలెందుకు లాగలేదండీ?"

ఆయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఎట్టా లాగమంటావు అబ్బాయ్? నన్ను పీక్కుతిన్న చెయ్యి అది. పట్టుకుంటే చల్లగా ఉంది. నా వల్ల కాలేదు."

"రేపు లాగండి. నొప్పెట్టేలా లాగండి. లేకపోతే వాణ్ణి తీసుకురాను."

ఆదివారం పాటకొచ్చింది ఒక కొత్త స్పిన్నర్. బాబాయ్ బావమరిది ముందు కుర్చీ వేసుకుని, తుండు కప్పాడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత తుండు కదిలింది. బావమరిది కనుబొమ్మలు పైకి లేచాయి. మళ్ళీ కదిలింది, ఈసారి గట్టిగా. "ముసునూరు వైపు గాలివాన అంట కదయ్యా," అన్నాడు బాబాయ్, ఎటో చూస్తూ. బావమరిది జవాబు చెప్పలేడు, కానీ ఎప్పట్లాగే వాడూ ఎటో చూస్తున్నాడు. కింద తుండు ఎగిరెగిరి పడుతోంది.

చివరికి బాబాయ్ తుండు తీశాడు. వాడి పిడికిలి బిగించి ఉంది.

"వద్దంట. పీనాసి," అన్నాడు బాబాయ్, వేళ్ళు రుద్దుకుంటూ. ఆయన కళ్ళు నిండిపోయాయి. బావమరిది నవ్వాడు. సగం మొహంతోనే, కానీ అది వాడి నవ్వే. ఆ స్పిన్నర్‌ని నేను అయిదు వేళ్ళకి కొన్నాను. మర్నాడు వాడి బౌలింగ్‌ని ఉతికి ఆరేశారు. ఆ సంగతి చదివి వినిపిస్తుంటే బావమరిది నావైపు వేలు చూపించి, భుజాలు కదిలేలా నవ్వాడు.

నేను చూసిన ఆఖరి నవ్వు అదే. చిన్న రసాలు కోతకి రాకముందే పక్షవాతం రెండోసారి వచ్చింది, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఆ సీజన్ ఎవరు గెలిచారో మాలో ఎవరికీ తెలియదు. పాయింట్లు రాయడం ఎవరు మానేశారో కూడా గుర్తులేదు.

ఈ ఏడు వద్దనే అనుకున్నాను. "వాడు పెట్టిన ఆట, నువ్వు ఆపుతావా," అంది మా ఆవిడ, నావైపు చూడకుండా. వెళ్ళాను. అయిదుగురం కూర్చున్నాం. ఆరో ప్లాస్టిక్ కుర్చీ తీసి లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు, లేదా ఎవరికీ మనసు రాలేదు.

మొదటి పేరు మళ్ళీ ఆ ఓపెనర్‌దే. బొటనవేలు నయమైందట. బాబాయ్ ముందు నా దగ్గరికే వచ్చాడు. తుండు కప్పాడు. అలవాటు ప్రకారం తక్కువలో మొదలుపెడదామని రెండు వేళ్ళు తెరిచి, మూడోది లాగుతాడని చూశాను. ఆయన నా రెండు వేళ్ళూ పట్టుకున్నాడు. లాగలేదు. అరచేతితో నా చేతిని మెల్లగా రెండుసార్లు తట్టాడు.

"ఇతనికే," అన్నాడు.

పోయినేడు ఆ మొదటి వారమంతా వాడు గోడవైపు తిరిగి ఏం భరించాడో, ఆ రెండు తట్లలో మొత్తం తెలిసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే నేను వదల్లేదు.

"లాగండి బాబాయ్," అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. నా మూడో వేలి మీదికి ఆయన వేళ్ళు చేరాయి, లాగలేకపోతున్నాయి. తర్వాత ఆ మూడో వేలు నేనే తెరిచి ఆయన అరచేతిలో పెట్టాను.