పదహారో ఛానల్లో మా అయ్య

మొన్న సంతలో ఉల్లిపాయలు ఏరుకుంటున్నాను. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ భుజం మీది వాకీటాకీ గరగరమంది. అవతల ఎవరో బటన్ నొక్కి, మాట్లాడకుండా ఊరుకున్నారు. గాలి హోరు, ఎవరిదో ఊపిరి, అంతే. నా చేతిలో ఉల్లిపాయలు జారి తట్టలో పడ్డాయి. "ఏటమ్మా, అలాగయిపోనావు? ఒంట్లో బాగోలేదా?" అంది తట్ట ముందు కూర్చున్నావిడ. ఏం చెప్పను? రేడియోలో ఎవరైనా నొక్కి మాట్లాడకపోతే నేనిప్పటికీ చేతిలో పని వదిలేసి వింటాను. ఆ చప్పుడు వెనకాల ఇద్దరు మనుషులు వినబడతారు. ఒకరు మా అయ్య, రెండోవారు గవర్రాజు మాస్టారు. మా అయ్యని మా కొండల్లో అందరూ ఎరుగుదురు. మాస్టారిని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి ముందు ఆయన సంగతి చెబుతాను.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కారు. భీమిలి వైపు మనిషి. సరుకుల ఓడల్లో రేడియో ఆఫీసరుగా దేశదేశాలు తిరిగి, రిటైరయ్యాక ఏం తోచిందో మా కొండల మీదికి వచ్చి, బజారు వీధిలో మిక్సీలూ టీవీలూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. "సముద్రం సూసి సూసి మొహం మొత్తిందమ్మా" అనేవారు. మొహం మొత్తిన మనిషి కరెంటు డ్యాం నీళ్లు కనబడగానే ఎందుకు ఆగలేకపోయారో ఆ దేవుడికే తెలియాలి. విశాఖలో ఎవరో వదిలించుకుంటున్న చిన్న చిన్న తెరచాప పడవల్ని లారీలో ఘాట్ రోడ్డెక్కించి తెచ్చి సెయిలింగ్ క్లబ్బు పెట్టారు. ఎదురు కొట్టు శెట్టిగారు పగలబడి నవ్వాడు. "కొండ మీద ఓడలేటండీ బాబూ, మతి గానీ పోనాదా?" అన్నాడు. అదే శెట్టిగారు నెల తిరక్కుండా లైఫ్ జాకెట్ బిగించుకుని పడవెక్కాడు, అది వేరే సంగతి.

నేను పెదబయలు పక్క కొండ ఊరి దాన్ని. కాఫీ గింజలు కొనే ఆఫీసులో గుమాస్తాని. నా నోరు మంచిది కాదని మా అమ్మ చిన్నప్పుడే తేల్చేసింది. మిక్సీ పట్టుకుని మొదటిసారి ఆయన కొట్టుకి వెళ్లినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరి మీద కోపం దీని మీద తీర్సుకున్నావమ్మా?" అన్నారు. నిజంగానే నేలకేసి కొట్టాను. సిగ్గుతో తల దించుకుంటే, "ఆదివారం డ్యాం కాడికి రా. గాలితో దెబ్బలాడుదువు గాని. అది నీకు లొంగదు, నువ్వు దానికి లొంగవు. సరిపోద్ది" అన్నారు. పెద్దవాళ్లెవరూ నా కోపాన్ని అంత మర్యాదగా పలకరించలేదు. ఆ ఆదివారమే వెళ్లాను. ఆ తరవాత ఏ ఆదివారమూ మానలేదు.

తెరచాప కన్నా ముందు రేడియో నేర్పించారు. చేతిలో ఇమిడే సెట్లు, నీళ్లలో పడినా తేలేవి. పడవకొకటి, ఒడ్డున ఒకటి. వాటి లైసెన్సుల కోసం ఆయన ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో లెక్కలేదు. పదహారో ఛానల్ పిలవడానికీ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కేక వెయ్యడానికీ. కబుర్లకి కాదు. ఒకసారి శెట్టిగారు అందులో ఇంటికి ఫోన్ చేసినట్టు "పులుసులోకి వంకాయలున్నాయేటే?" అని ఒడ్డున ఉన్న వాళ్లావిడని అడిగితే మాస్టారు ఆయన్ని నెలపాటు పడవెక్కనివ్వలేదు. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. నొక్కి ఉంచినంతసేపూ మనకి ఎవరి మాటా వినబడదు, ఆ ఛానల్లో ఇంకెవరూ మాట్లాడటానికి ఉండదు. ఎవరి బటనైనా ఇరుక్కుపోయి పదహారు మూసుకుపోతే అందరూ డెబ్భై రెండుకి మారిపోవాలి. ఇవన్నీ ఆయన ఎక్కాల్లా వల్లె వేయించారు.

రేడియో మాట తిన్నగా పోతుందనీ, కొండ అడ్డమొస్తే ఆగిపోతుందనీ చెబితే నేను నమ్మలేదు. "మా ఊళ్లో ఈ కొండ మీంచి కేకేస్తే ఆ కొండ మీద పలుకుతారు, ఇంత ఖరీదు పెట్టి కొన్నదానికి ఆ మాత్రం చేత కాదా?" అన్నాను. నన్ను పడవలో ఒక కొండ మలుపు వెనక్కి పంపి మాట్లాడమన్నారు. పిలిచి పిలిచి గొంతు నొప్పెట్టింది, బదులు లేదు. తిరిగొస్తే కోప్పడలేదు. "ఇప్పుడు కొండెక్కి పిలువు" అన్నారు. తుప్పలు పట్టుకుని పైకి పాకి పిలిచాను. అందరి గొంతులూ గంట కొట్టినట్టు వినబడ్డాయి. ఆ రోజు నుంచి మలుపు వెనక్కి ఏ పడవ వెళ్లినా కొండ మీద ఒకరుండి మాట అందించాలన్న నియమం వచ్చింది. ఆ ఒకరు ఎక్కువగా నేనే.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా అయ్యని తీసుకెళ్లాను. మా అయ్య వాగు దాటాలన్నా నలుగుర్ని తోడు పిలిచే మనిషి. ఏళ్ల తరబడి బతిమాలినా ఏనాడూ రాలేదు. ఆ ఉదయం మాస్టారు మా ఇంటికి వచ్చి టీ తాగి వెళుతుంటే, ఎవరూ అడక్కుండానే, "నానూ ఒత్తాను బాబూ, నీ పడవలోనే" అన్నాడు. నేను నోరు తెరిచాను. పోనీలే, ఇన్నాళ్లకి బుద్ధి పుట్టిందని మురిసిపోయాను. మాస్టారి పడవ కన్నా భద్రమైన చోటు భూమ్మీద లేదని నా నమ్మకం. మాస్టారు తన సెట్టు మా అయ్య చేతికిచ్చి, "ఏదైనా అయితే ఇది నొక్కి మాట్లాడు పెద్దాయనా" అన్నారు. వదలాలని చెప్పారో లేదో గుర్తు లేదు. చెప్పినా మా అయ్య భయంలో వినేవాడు కాదు.

పడవలన్నీ నీళ్ల మీద విడివిడిగా సాగుతున్నాయి. నేను కొండ మీద సెట్టు పట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి గాలి తిరిగింది. పదహారులో గరగర. ఆ వెనకే మా అయ్య ఊపిరి. పడవ ఊగగానే సెట్టుని బిగించి పట్టేసుకున్నాడు, బటన్‌తో సహా. నవ్వొచ్చింది. అంతలో మాస్టారి గొంతు, మెల్లగా, నాకు తెలిసిన గొంతు కాదన్నట్టుగా.

"పెద్దాయనా, ఒక మాట. సెప్పకుండా నిన్ను ఎక్కించుకున్నాను, తప్పే. నాకు ఎడమ పక్క ఏటీ కనబడదు. నీటికాసులన్నారు డాక్టర్లు. కుడి కన్నూ మసకేసేత్తంది. గాలి మనల్ని ఎటు నెడతందో తెలవట్లేదు."

ఎడమ పక్కన మునిగిన అడవి తాలూకు మోళ్లున్నాయి. చెట్లు చచ్చి ఏళ్లయినా మొదళ్లు నీళ్ల కిందే ఉన్నాయి, కొన్నింటి కొనలు మాత్రమే పైకి కనబడతాయి. ఒక్కటి తగిలితే ఆ చిన్న పడవ బోల్తా. "మాస్టారూ! అయ్యా!" అని అరిచాను. ఎవరికి వినబడుతుంది? మా అయ్య నొక్కే ఉంచాడు. వాళ్ల మాట లోకానికంతా వినబడుతోంది, లోకం మాట వాళ్లకి వినబడదు. ఆపదకి ఉంచుకున్న మా మోటారు పడవ ఆ చివరెక్కడో ఉంది. డెబ్భై రెండు గుర్తొచ్చేసరికి కంగారులో రెండుసార్లు తప్పు మీట నొక్కాను. మోటారు పడవ నడిపే కుర్రాడు ఆ ఛానల్లో అప్పటికే ఉన్నాడు. "ఇన్నానక్కా, ఎల్తన్నాను" అన్నాడు. వాడి గొంతులో ఏడుపుంది. నేను మళ్లీ పదహారుకి తిప్పాను. తిప్పకుండా ఎలా ఉండగలను?

గాలి హోరే. అందులోంచి మా అయ్య అన్నాడు: "నీ కుడీ ఎడమా నాకు తెలవదు బాబూ. నాగలికి కట్టినప్పుడు ఇటు ఎద్దు దాపట, అటు ఎద్దు ఎలపట. నాను అలాగే సెప్తాను. తెలుత్తాదా?"

"తెలుత్తాది. దాపట ఎడం, ఎలపట కుడి. మాదీ యవసాయమే."

"అయితే ఎలపటికి తోలు. ఇంకా... ఇంకా... హో, హో! ఆగు. దాపటికి రవ్వంత. మోడుంది, మోడుంది, దాని కొమ్మ మీద కొంగుంది. ఎలపటికి! బేగి!"

డ్యాం మీద ఉన్న పడవలన్నీ వింటున్నాయి. వాగు దాటడానికి వణికే మా అయ్య, నీళ్ల నడుమ కూర్చుని, పొలం దున్నుతున్నంత నిదానంగా ఒక ఓడ మనిషిని తోలుతున్నాడు. మాస్టారు ఒక్క ఎదురుమాట లేకుండా "సరే, సరే" అంటున్నారు. ఒకచోట కర్ర గీసుకుపోయిన చప్పుడైంది. "ఏటీ అవలేదు, తోలు" అన్నాడు మా అయ్య. మోటారు పడవ చేరేసరికి వాళ్లు మోళ్లు దాటేశారు.

నేను కొండ దిగి పరిగెత్తాను. ఒడ్డున పడవ ఆగీ ఆగకముందే నోరు పారేసుకున్నాను. "మా అయ్యని చంపేద్దామనుకున్నారా? ఎన్నాళ్లనుంచి ఈ నాటకం? మొన్నటిదాకా పిల్లల్ని కూడా ఎక్కించుకున్నారు కదా, సిగ్గు లేదా?" అందరి ముందూ. ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరెవరు విన్నారమ్మా?" అన్నారు. అందరమూ విన్నామన్నాను. మా అయ్య చేతిలో అప్పటికీ నొక్కి ఉన్న సెట్టు వైపు తల తిప్పి, ఎక్కడి మనిషి అక్కడే గులకరాళ్ల మీద కూలబడిపోయారు.

మా అయ్య నా జబ్బ పట్టుకుని పక్కకి లాగాడు. "ఏటే గుంటా, ఆ అరుపులేటి? నాకు పొద్దున్నే తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు టీ గళాసు ఆయన దాపట పెట్టినావు. సెయ్యేసి రెండుసార్లు ఎతికినాడు. మెడంతా తిప్పి సూత్తన్నాడు. మన బుడ్డెద్దుకి కన్ను పోయినప్పుడు అలాగే తిప్పేది కాదా? కన్ను పోయిన ఎద్దుని ఒంటిగా కడతామేటి? జోడీ ఉండాల గదా. అందుకే ఎక్కినాను."

నీళ్లంటే చచ్చేంత భయమున్న మనిషి, తెలిసి తెలిసి ఎక్కాడు. మాస్టారు అది విని భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. ఓడ మనిషి అలా ఏడవడం ఎవరం చూడలేదు, ఎటు చూడాలో తెలియక తెరచాపలు మడతపెట్టుకున్నాం. తరవాతి ఆదివారం ఆయనే అందరి ముందూ నిలబడి, "సెబితే ఒడ్డున కూకోబెడతారని భయమేసింది" అన్నారు. కూర్చోబెట్టాం. ఆ మాట గట్టిగా అన్నది నేనే. ఇప్పటికీ అంటాను. ఆయన అలిగి వెళ్లిపోలేదు. ఒడ్డు మీదే కుర్చీ వేసుకుని, చూపు పూర్తిగా పోయేదాకా మాకు రేడియో నేర్పారు. నిరుటి వానల్లో పోయారు. పాడె మోసినవాళ్లలో మా అయ్య ఉన్నాడు.

ఇప్పుడు క్లబ్బు నేను చూస్తున్నాను. ఆయన నియమాలన్నీ ఉన్నాయి, ఒకటి నేను కలిపాను. కొత్తవాళ్లని పడవెక్కించే ముందు పక్కకి తీసుకెళ్లి అడుగుతాను: నీకేం కనబడదు, నీకేం చేతకాదు, దేనికి భయం? చాలామంది నవ్వేసి ఏమీ లేదంటారు. అప్పుడు ముందు నాది చెబుతాను. నాకు కోపమొస్తే పక్కమనిషి మాట వినబడదు, నేనలా ఉన్నప్పుడు నా జబ్బ పట్టుకుని లాగండి అని. అప్పుడు వాళ్లూ మెల్లగా చెబుతారు. అన్నేళ్లు ఆయన దగ్గర నేర్చుకుని, ఒక్క ఆదివారమైనా ఆయన్ని ఆ మాట మేమెవరమూ అడగలేదు.