పేరు లేని ట్రాకుల్లో అక్క గొంతు

పోయిన వారం అమలాపురం నుంచి మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యా, అమ్మ గొంతు మీ పాత కంప్యూటర్లో ఉందంటండి, నిజమేనా?" అని అడిగినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. మా అక్క పోయేనాటికి ఆ పిల్లకి ఇంకా అడుగులు రాలేదు. తల్లి ఫొటోలు చూసి పెరిగిందే కాని, ఆవిడ మాట ఎలా ఉండేదో ఎరగదు.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, గల్ఫ్‌కి ఫోన్ చేయాలంటే బిల్లుకి భయపడే ఆ రోజుల్లో, ఖాళీ క్యాసెట్ల నిండా మాటలూ పాటలూ నింపి, సెలవుకొచ్చి వెళ్లే ఊరివాళ్ల చేత పంపించేవారు. మస్కట్‌లో పగలంతా ఇనుప చువ్వలు వంచి గదికి చేరి, అక్కా చెల్లీ పంపిన క్యాసెట్ పెట్టుకుంటే, వాళ్ల మాటల వెనక మా రాజోలు వీధిలో సైకిలు బెల్లు వినిపించినా నాకు కళ్లు చెమర్చేవి. ఉద్యోగం వదిలి వచ్చేశాక కంప్యూటర్ కొని, టేప్‌రికార్డర్ నుంచి దానికి వైరు తగిలించి వాటన్నిటినీ అందులోకి ఎక్కించాను. ఆ కంప్యూటర్లో సినిమా పాటల సీడీ పెడితే ఒక్కోసారి నెట్‌లోంచి ఆల్బమ్ పేరూ, పాడినవారి పేరూ వాటంతటవే వచ్చేవి. మా క్యాసెట్లకు మాత్రం 'అన్‌నోన్ ఆర్టిస్ట్, అన్‌నోన్ ఆల్బమ్' అనే చూపించేది. ఇంట్లోవాళ్ల గొంతులకి మళ్లీ పేర్లెందుకులే అనుకున్నాను.

ఇప్పుడా పేరు లేని ట్రాకులు ఒక్కొక్కటే తెరుస్తూ, కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ వెతగ్గా వెతగ్గా చివరికొక జోలపాట దొరికింది. అక్కే అనిపించింది, కాని అక్కాచెల్లెళ్లిద్దరి గొంతులూ ఒకే పోలిక. పెరట్లోంచి పిలిస్తే మా అమ్మే పొరపడేది. అందుకని నర్సాపురంలో ఉంటున్న చెల్లెలికి కబురు పెడితే, పంటు మీద గోదావరి దాటి వచ్చింది. ఆగలేక మేనకోడలూ బస్సెక్కి వచ్చేసింది.

పాట సగంలోనే చెల్లెలు తల దించుకుంది. "ఇది అక్క కాదు అన్నయ్యా, నేను" అంది. మేనకోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆపేద్దామని నేను చెయ్యి చాపేలోగా పాట అయిపోయింది. కాస్త గరగర, ఆ వెనకనే దగ్గరగా మరో గొంతు: "ఇంకొక్కసారి పాడవే, వాడక్కడ ఒక్కడే ఉన్నాడు కదా."

అది మా అక్క.

మేనకోడలు లేచి స్పీకర్ దగ్గర నేల మీద కూర్చుని, "మళ్లీ పెట్టండి మావయ్యా" అంది. ఎన్నిసార్లు పెట్టానో నాకే తెలియదు. ఆ ఒక్క మాటే కత్తిరించి ఫోన్‌లో వేస్తానంటే మాత్రం వద్దంది. "పిన్ని పాటా ఉండనివ్వండి. ఏ పాట నచ్చి అమ్మ మళ్లీ పాడమందో నాకు తెలియాలండి" అంది.

ఈ రోజుల్లో ఫోన్‌లో పాట తాకితే చాలు, రాసినవారూ పాడినవారూ బొమ్మతో సహా వచ్చేస్తున్నారు. ఒకప్పుడు ఇంటి గొంతులు ఏ పేరూ లేకుండా సముద్రం దాటి వచ్చేవి, మొదటి మాటకే మనిషి ఎదుట నిలిచినట్టుండేది. అలా పోల్చుకోగలిగినవాళ్లం ఇప్పుడు చెల్లెలూ నేనూ మిగిలాం, మాకూ చెవులు మందగిస్తున్నాయి. అందుకే ఇప్పుడు రోజూ కాఫీ తాగగానే కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో గొంతునూ విని, తెలిసినంతవరకు పేర్లు కొడుతున్నాను.